ఓడలో పెట్టిన సంతకాలు

మొన్న శ్రీజ వచ్చింది. బోరబండలో మా సందులోకి కారు రాదు. స్టేషన్ రోడ్డు మీదే దిగి, ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని, మోరీ మీద వేసిన బండ దాటుకుంటూ వచ్చి మా గడప ముందు నిలబడింది. ఎనిమిదేళ్ళప్పుడు నేను జడలు వేసిన పిల్ల. కుర్చీ వేస్తే వద్దని మంచం మీదే కూర్చుంది, టీ తాగింది. చెన్నైలో ఓడ ఎక్కుతున్నామనీ, ఐదు రోజులు సముద్రం మీదే ఉంటామనీ, పిల్లలకు అది ఉత్త సెలవు కాకూడదనీ, నాలుగు విషయాలు నేర్చుకునేలా ఉండాలనీ చెప్పింది. వాళ్ళమ్మ తమకు చేసినట్టే తానూ వీళ్ళకు చేయాలట. "నువ్వూ రావాలి మణమ్మా. నువ్వు లేకపోతే అది ఆ ట్రిప్పే కాదు" అంది. పిల్లలకు బిస్కట్లు తెమ్మని మనవరాల్ని కొట్టుకు పంపాను. అది పోయి వచ్చేలోపు నా మనసు ఎక్కడెక్కడో తిరిగొచ్చింది. అదే ఇప్పుడు చెబుతున్నాను, మనవరాలు రాస్తోంది. నాకు రాయడం రాదు, నా పేరు రాయడం ఒక్కటే వచ్చు. వచ్చిన చిక్కంతా ఆ పేరు దగ్గరే వచ్చింది.

మా ఆయన ఫిల్మ్ నగర్‌లో సెట్లకు రంగులు వేసేవాడు. ప్లైవుడ్ గోడ మీద చెయ్యి తిప్పితే అది రాతిగోడ అయిపోయేది, దగ్గరికి పోయి తట్టి చూస్తే గానీ తెలిసేది కాదు. పచ్చకామెర్లతో పోయాడు. అప్పటికి మా లతకు నాలుగేళ్ళు, నాకు ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో. సెట్ల దగ్గర పనిచేసే ఒకామె, జూబ్లీ హిల్స్‌లో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే మనిషి కావాలట అని నన్ను తీసుకుపోయింది. గేటు దగ్గర నా మోచెయ్యి పట్టి ఆపి, "ఏడో తరగతి పాసైనవని చెప్పిన. లోపలికి పోయి నోరు జారకు" అంది. మందుసీసా మీద రాసింది చదవగలిగిన మనిషే కావాలని ఆ ఇంటి మేడమ్ పట్టుదలట. నేను రెండో తరగతి సగం దాకా పోయాను. అంకెలు వచ్చు, గడియారం చూడటం వచ్చు, పేరు రాయడం వచ్చు. మేడమ్ ఒక కాగితం ఇచ్చి పేరు రాయమంది. బాలమణి అని రాశాను. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని మెచ్చుకుంది. అంతే, పని దొరికింది. ఇంటి వెనక ఒక గది ఇచ్చారు. సార్ లతను ఆ వీధి చివరి ఇంగ్లీషు బళ్ళో చేర్పించారు. తండ్రి లేని పిల్ల టై కట్టుకుని బడికి పోతుంటే, నేను చెప్పిన అబద్ధం నాకు అబద్ధంలా అనిపించేది కాదు.

ఆ ఇల్లు శ్రీజ వాళ్ళదే, వాళ్ళది కృష్ణా జిల్లా. సార్ సినిమాలు కొని ఊళ్ళల్లో ఆడించేవారు. పొద్దున ఆరింటికే ముందు గదిలో జనం, ఫిల్టర్ కాఫీ వాసన, దాని మీద సార్ సిగరెట్ వాసన, ఆ రెండిటినీ తరమడానికి పెద్దమ్మగారు వేసే సాంబ్రాణి. పెద్దమ్మగారు సార్ తల్లి. ఆ పొగపళ్ళెం పట్టుకుని గదిగదికీ తిరుగుతూ, సోఫాల్లో కూర్చున్న హీరోల మనుషుల మొహాల ముందు కూడా ఊపేసి పోయేది. ఎవరూ కిక్కురుమనేవాళ్ళు కాదు. మేడమ్ వేరే రకం. పెళ్ళికి ముందు కాలేజీలో పాఠాలు చెప్పిందట. పొద్దుటిపూట తలనొప్పి, మాట్లాడేది కాదు. ఏం చెప్పాలన్నా చిట్టీ రాసి ఫ్రిజ్ మీద అంటించేది, ఊదారంగు సిరాతో. వంటమనిషికి ఒకటి, తోటమాలికి ఒకటి, నాకు రెండు. పాపకు ఏ యూనిఫారం, బాబుకు ఏం పెట్టాలి, ఎన్నింటికి డ్యాన్సు క్లాసు. మందులు మాత్రం తనే వేసేది. ఆ ఒక్కటీ నా పుణ్యం.

చిట్టీలు నాకు డ్రైవర్ యాదగిరి చదివి పెట్టేవాడు. పొద్దున్నే కారు తుడుస్తుంటే అల్లం టీ గ్లాసు తీసుకుపోయేదాన్ని, గ్లాసు కింద చిట్టీ. "ఏమక్కా, ఇయ్యాల ఏం హుకుం వచ్చింది?" అనేవాడు. "నువ్వే చెప్పాలె తమ్మీ." టీ ఊదుకుంటూ చదివేవాడు. "పాపకు తెల్ల సాక్సులంట. బాబుకు పెరుగు పెట్టొద్దంట. యాదగిరికి జీతం పెంచాలె అని కూడ రాసింది." "అది యాడ రాసింది?" "రాయలే? మరిచిపోయినట్టుంది, జర యాది చెయ్యి." ఒక్కసారి వింటే మళ్ళీ అడిగేదాన్ని కాదు. చదవడం రానివాళ్ళకు చెవులు గట్టిగా ఉంటాయి. రెండేళ్ళు అలా ఏ మాటా రాకుండా గడిచింది.

తర్వాత సింగపూర్ పోయి ఓడ ఎక్కే మాట వచ్చింది. సార్ వాళ్ళ జట్టులో నాలుగు కుటుంబాలు కలిసి పోతున్నారు. మిగతా మూడిళ్ళ ఆడవాళ్ళు చీరల గురించీ నగల గురించీ మాట్లాడుకుంటుంటే, మా మేడమ్ రెండు వారాలు రాత్రుళ్ళు కూర్చుని ఒక లావుపాటి నోటుబుక్కు తయారు చేసింది. "ఓడంటే ఒక ఊరు మణీ. అందులో కరెంటు ఎలా వస్తుంది, మంచినీళ్ళు ఎక్కడివి, దారి ఎలా తెలుస్తుంది, ఎన్ని దేశాలవాళ్ళు పనిచేస్తున్నారు, ఇవన్నీ పిల్లలు కనుక్కోవాలి. ఉత్తినే తిని పడుకోడానికైతే ఇంట్లోనే ఉండొచ్చు కదా" అంది. రోజుకో పేజీ. "పొద్దున్నే నువ్వు చదివి చెప్పు, వాళ్ళతో చేయించు. నేను చెబితే స్కూలనుకుంటారు. అయ్యాక పేజీ కింద నీ సంతకం పెట్టు." పిల్లలకు తెలుగు చెవిన పడాలని అంతా తెలుగులోనే రాసింది. నేను తల ఊపాను. పుస్తకాన్ని చీర మడతల్లో పెట్టుకుని పెట్టె సర్దుకున్నాను గానీ, నా ఆలోచనంతా ఒక్కటే. ఓడలో యాదగిరి ఉండడు.

లతను బోరబండలో మా అత్త దగ్గర వదిలి బయల్దేరాను. విమానం గుర్తు లేదు, కళ్ళు మూసుకునే ఉన్నాను. ఓడ మాత్రం గుర్తుంది. సార్‌కీ మేడమ్‌కీ పైన సముద్రం కనిపించే గది. పిల్లలకూ నాకూ కింద లోపలివైపు గది. తలుపు తీయగానే కొత్త కార్పెట్టు వాసన, వెన్న వాసన, ఏసీ చలి. ఎదురుగా గోడకు అందమైన పరదా వేసి ఉంది. కిటికీ అనుకుని లాగాను. వెనక గోడే. కిటికీ లేని గోడకు పరదా ఎందుకు వేశారో నాకు ఈ రోజుకీ తెలియదు. పాస్‌పోర్టు మేడమ్ సంచిలో ఉంది. నాతో తెలుగు మాట్లాడేవాళ్ళు ఆ నాలుగు కుటుంబాలే, వాళ్ళలో ఎవర్నీ చిట్టీ చదివి పెట్టమని అడగలేను. ఇంట్లో ఎంత కష్టమొచ్చినా గేటు దాటి రోడ్డు మీద పడొచ్చు. ఇక్కడ గేటు దాటితే నీళ్ళు.

మొదటి పొద్దున పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆ ఊదారంగు గీతల్ని చూశాను. మూడు ముక్కలుగా ఉంది. మూడు పనులన్నమాట. "ఓడకు ఎన్ని మెట్లున్నయో లెక్కపెట్టాలంట" అన్నాను. పిల్లలు గంతులేస్తూ లెక్కపెట్టారు. శ్రీజ తమ్ముడు, ఐదేళ్ళ కార్తీ, ముప్పై తర్వాత మళ్ళీ ఇరవై దగ్గరికి వచ్చేవాడు. పైదాకా ఎక్కాక శ్రీజ నా చేతిలోంచి పుస్తకం లాక్కుంది. కూడబలుక్కుంటూ చదివింది. ఇంగ్లీషు బడి పిల్ల, తెలుగు నత్తనడకే.

"మణమ్మా, ఇందులో మెట్లని లేదు."

"ఉంటది, కింద సూడు."

"కింద కూడా లేదు. ఉత్తరం ఎటో కనుక్కోమని ఉంది." నా మొహంలోకి చూసింది. "నీకు చదవడం రాదా?"

"మెల్లగ మాట్లాడు బిడ్డా."

"అసలు రాదా, కొంచెం కొంచెం వచ్చా?"

"అసలే రాదు. మీ అమ్మకు చెప్తవా?"

ఆ పిల్ల తండ్రి బేరాలు వింటూ పెరిగిన పిల్ల. రెయిలింగు పట్టుకుని ఆలోచించింది. "చెప్పను. కానీ నేను రెండో ఐస్‌క్రీమ్ తింటే నువ్వు చెప్పకూడదు."

"మూడోది తింటె చెప్త."

"సరే. రోజూ నేనే చదువుతా. తమ్ముడికి తెలియకూడదు, వాడు వాగుతాడు."

అలా ఎనిమిదేళ్ళ పిల్ల చేతిలో నా గది, నా కూతురి బడి పెట్టి, రెండు రోజులు హాయిగా తిరిగాను. హాయి అని ఎందుకంటున్నానంటే, నిజంగానే కొంత హాయి. ఉత్తరం ఎటో ఎండ చూసి నేనే చెప్పాను. దానికి చదువు అక్కర్లేదు. పనివాళ్ళ దేశాలు అడగమని రాసి ఉంటే, మా గది ఊడ్చే ఫిలిప్పీన్ అతన్ని అడిగాం. అతను తువ్వాలు మడిచి ఏనుగు చేసి చూపించాడు. పిల్లలకు రాలేదు గానీ నాకు రెండోసారికే వచ్చింది. మంచినీళ్ళు ఎక్కడివో కనుక్కోమంటే, నాకు తోచి బట్టలుతికే చోటికి తీసుకుపొమ్మని అతన్ని సైగలతో అడిగాను. తలుపు దగ్గరే నిలబడి చూడమన్నాడు. ఇంత ఊరి దుప్పట్లు అక్కడ యంత్రాల్లో తిరుగుతున్నాయి. "ఇన్ని నీళ్ళు సముద్రం నుంచేనా? మరి ఉప్పు?" అని శ్రీజ అడిగింది. ఉప్పు తీసేసే యంత్రం ఉందని అతను చెప్పాడు, శ్రీజే నాకు తెలుగులో చెప్పింది. ఇందులో మేడమ్ రాసినవి ఎన్నో, శ్రీజ కల్పించినవి ఎన్నో నాకు తెలియదు. ఒకరోజు "చాక్లెట్ ఫౌంటెన్ దగ్గర అరగంట కూర్చుని గమనించాలి" అని చదివింది. అది రాసి ఉంటుందా? చెప్పండి.

నేను చేసిన తప్పు ఇంకొకటి ఉంది. పని అయ్యాక సంతకం పెట్టమంది మేడమ్. నేను పొద్దున శ్రీజ చదవడం ఆపగానే పెట్టేసేదాన్ని. ఏ క్షణాన వచ్చి పుస్తకం అడుగుతుందో, కింద ఖాళీగా ఉంటే పైన ఏముందని అడుగుతుందో అని భయం. యాదగిరి దగ్గర అలవాటైన మనిషిని. ఎవరైనా చదివి చెబితే చాలు, సగం పని అయిపోయినట్టే నెమ్మదించేది ప్రాణం.

మూడో రోజు ఓడ ఒక ఊరి దగ్గర ఆగింది. పెద్దవాళ్ళంతా ఊరు చూడటానికి దిగారు. పిల్లలకు పొద్దున మ్యాజిక్ ఆట ఉంది. దానికి పరుగెత్తే తొందరలో శ్రీజ నిలబడే చదివింది. "రిబ్బను కట్టి గాలి ఎటు వీస్తుందో చూడాలి. అంతే, పద పద." నేను సంతకం పెట్టాను. పేజీ నిండా రాసి ఉందనీ, తను చదివింది నాలుగు మాటలేననీ నాకు కనిపించింది. కనిపించలేదని చెప్పను. అయినా అడగలేదు. రోజూ ఆ చిన్నపిల్లను బతిమాలుకోవడం నాకు సిగ్గుగా ఉండేది.

ఆట అయ్యాక, మధ్యాహ్నం పైకెక్కి రిబ్బను కట్టాం. గాలి బాగా ఉంది. కార్తీ రిబ్బను పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తాడు. కాసేపటికి వచ్చి నా మోకాళ్ళ మీద ఆనుకున్నాడు. ఆడుకుని అలిసిపోయాడనుకున్నాను. చెవి పెడితే ఛాతీలో పిల్లికూత. వాడికి ఉబ్బసం ఉందని తెలుసు, మేడమ్ రోజూ తన గదికి పిలిచి మందు పంపు పీల్పిస్తుందనీ తెలుసు. ఆ రోజు మేడమ్ లేదు. ఎత్తుకుని కిందికి పరుగెత్తాను. గదిలో నీలం సంచిలో పంపు ఉంది. మేడమ్ పొద్దున్నే తెచ్చి అక్కడ పెట్టిపోయింది. దాన్ని అక్కడ చూడగానే, పేజీలో దీని సంగతి కూడా రాసే ఉంటుందని నాకు అర్థమైపోయింది. నోట్లో పెట్టి నొక్కాను. సరిగ్గా పట్టడం రాక సగం గాలిలోకే పోయింది. పిల్లాడి పెదాలు రంగు మారుతున్నాయి. కారిడార్‌లోకి వచ్చి అరిచాను. ఆ ఫిలిప్పీన్ అతను వచ్చి వాణ్ణి చేతుల్లోకి తీసుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. మూతికి మందు పొగ వచ్చే గొట్టం పెట్టారు. గంటకు కళ్ళు తెరిచి "రిబ్బనేదీ?" అన్నాడు.

సాయంత్రం మేడమ్ వచ్చింది. అరవలేదు. పిల్లాడి ఛాతీ మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది. తర్వాత పుస్తకం అడిగింది. పేజీ తెరిచి గట్టిగా చదివింది. రిబ్బను మాట తర్వాత ఇలా ఉంది. మధ్యాహ్నం దాటాక బాబును పైకి తీసుకెళ్ళకు, చల్లగాలి పడదు. నాలుగింటికి నీలం సంచిలో పంపు ఉంటుంది, రెండుసార్లు పీల్పించు. మేము రావడం ఆలస్యమవుతుంది.

"చదివావా లేదా మణీ?"

సార్ ఉన్నారు, డాక్టరు ఉన్నాడు, గుమ్మంలో మిగతా ఆడవాళ్ళున్నారు. శ్రీజ మంచం పక్కన నిలబడి గౌను అంచు వేలికి చుట్టుకుంటోంది. నా వైపు చూడటంలేదు. కష్టమైన మాటలని వదిలేసిందో, ఆట అయిపోతుందని వదిలేసిందో, అడగడానికి నాకు ఆ తర్వాత సందు దొరకలేదు.

"మరిచిపోయినమ్మా" అన్నాను.

"మర్చిపోతే ఈ సంతకం ఎందుకు పెట్టావు?"

తల వంచుకుని, ఆ పేజీ కింద గుండ్రంగా ఉన్న నా పేరునే చూశాను.

రాస్తున్న మనవరాలు పెన్ను ఆపి నా మొహం చూస్తోంది. పసిపిల్ల మీదికి రాకుండా నింద నేను వేసుకున్నాననుకుంటోంది. రాయవే, ఇది కూడా రాయి. అంత గొప్పదాన్ని కాదు నేను. శ్రీజ చదివి పెట్టిందని చెబితే నాకు చదువు రాదని బయటపడుతుంది. రెండేళ్ళు మోసం చేశానని ఆ రోజే తెలిసిపోతుంది. మరుపు ఎవరికైనా వస్తుంది, క్షమిస్తారు. అబద్ధాన్ని క్షమించరు. ఆ లెక్కతోనే అన్నాను. అన్నాక శ్రీజ వేలికి చుట్టుకున్న గౌను అంచు వదిలింది. అది చూసి, పోనీ దీనికైనా మేలు జరిగిందిలే అనుకున్నాను. ముందు నా కోసం, తర్వాతే దాని కోసం.

మిగిలిన రెండు రోజులు పిల్లల్ని మేడమ్ తన గదికి తీసుకుపోయింది. నన్ను గదిలోనే ఉండమంది. చేయడానికి పని లేదు. పొద్దో మాపో తెలియదు, ఎందుకంటే కిటికీ లేదు. చేతి గడియారంలో ఐదు అయ్యేది, ఏ ఐదో తెలిసేది కాదు. లత అన్నం తిన్నదో లేదో, బడికి ఎవరు దింపుతున్నారో అనుకుంటూ, ఉన్న తువ్వాళ్ళన్నీ మడిచాను, విప్పాను, మళ్ళీ మడిచాను. ఇంజను మోత పాదాల్లోంచి ఎక్కుతూనే ఉండేది. చివరి రోజు సాయంత్రం భోజనాల దగ్గర కార్తీ నా చేత్తో తప్ప తిననని మొండికేస్తే పిలిపించారు. వాడి కుర్చీ వెనక నిలబడ్డాను. పెద్దవాళ్ళు పిల్లల్ని, ఏం నేర్చుకున్నారో చెప్పమన్నారు. మిగతా ఇళ్ళ పిల్లలు మ్యాజిక్ గురించి చెప్పారు. శ్రీజ లేచి, సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు ఎలా తీస్తారో, ఎండ చూసి ఉత్తరం ఎలా కనుక్కోవాలో, బట్టలుతికే చోట పనిచేసేవాళ్ళు ఎన్ని నెలలకు ఇంటికి పోతారో గడగడా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. "పిల్లల్ని పెంచడం మీ దగ్గర నేర్చుకోవాలండీ" అని ఒకావిడ మేడమ్‌తో అంది. మేడమ్ నవ్వింది. నేను కార్తీ నోట్లో ముద్ద పెట్టాను.

హైదరాబాద్ వచ్చాక నెల తిరక్కుండా పదో తరగతి చదివిన ఒకామెను పెట్టుకున్నారు. నన్ను పొమ్మని ఎవరూ అనలేదు. గది కావాలన్నారు, అంతే. యాదగిరి నా పెట్టె బోరబండ దాకా కార్లో దింపి, "నేనుంటే గిట్ల కాకపోతుండె అక్కా" అన్నాడు. లత ఇక్కడ సర్కారు బడికి మారింది. నేను ఫిల్మ్ నగర్‌లో సినిమా బట్టలు ఇస్త్రీ చేసే పనిలో కుదిరాను. రాజుల బట్టలు, పోలీసుల బట్టలు, పెళ్ళికూతుళ్ళ బట్టలు. వాటి మీద చదవాల్సింది ఏమీ ఉండదు. టై ఎందుకు పోయిందని లత చాన్నాళ్ళు అడిగింది. దానికి ఇంతవరకు చెప్పలేదు. ఇప్పుడు దాని కూతురు రాస్తోంది కాబట్టి తెలుస్తుంది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. దాని చోట పెద్ద హోటలు వచ్చింది, ముందు కార్లు అప్పగించుకునే కుర్రాళ్ళు నిలబడి ఉంటారు. ఈ కాలంలో చదువు రానివాళ్ళకు ఫోనే చదివి పెడుతుంది. మా మనవరాలు కరెంటు బిల్లు దానికి చూపిస్తే అది గడగడా చదివేసింది, మధ్యలో ఒక్క లైనూ వదల్లేదు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

మొన్న మనవరాలు బిస్కట్లు తెచ్చింది. శ్రీజ పిల్లలు తింటున్నారు. వాళ్ళ కోసం ఏమేం అనుకుందో శ్రీజ ఫోన్లో చూపిస్తూ చెప్పింది. ఓడలో చెత్త ఎక్కడికి పోతుందో చూడాలట, నక్షత్రాలు చూడాలట. నేను టీ గ్లాసులు తీయడానికి లేవబోయేసరికి గొంతు తగ్గించి నా చెయ్యి పట్టుకుంది.

"అప్పటిది మనసులో పెట్టుకున్నావా మణమ్మా? తమ్ముడికి పంపు ఇవ్వడం మర్చిపోయావు చూడు, అది? అమ్మ ఇప్పటికీ అంటుంది. నేనే అన్నాను, వదిలెయ్యమ్మా, మణమ్మ కావాలని మర్చిపోయిందా అని. నాకైతే నీ మీద ఎప్పుడూ కోపం లేదు. నిజంగా."

ఆమె మొహంలోకి చూశాను. పాతికేళ్ళుగా సినిమావాళ్ళ మధ్య తిరుగుతున్నాను, నటించే మొహం నాకు తెలుస్తుంది. ఇది నటన కాదు. పుస్తకం చదివింది తనే అన్న సంగతి ఆమెకు గుర్తే లేదు. నేను ఆ రోజు చెప్పిన మాటే నిజమని నమ్మి ఇంతదయింది, నన్ను క్షమించి కూడా పెట్టింది. నోటిదాకా వచ్చింది. నువ్వు మొత్తం చదవలేదు బిడ్డా, ఆ రోజు నువ్వే చదవలేదు అని. ఆమె చిన్నకొడుకు బిస్కట్ చేత్తోనే తల్లి మెడ చుట్టూ చేతులు వేసి ఊగుతున్నాడు. ఆమె వాణ్ణి చూడకుండానే వాడి వీపు నిమురుతోంది.

"రాను బిడ్డా" అన్నాను.

"ఎందుకు? మోకాళ్ళ నొప్పులా? అక్కడ వీల్‌చైర్లుంటాయి, లిఫ్టులుంటాయి."

"మోకాళ్ళు కాదు. నేను మరిచిపోత. పిల్లల్ని నా మీద వదలకు."

"అయ్యో, అదేం మాట!" అంటూ నవ్వి నన్ను దగ్గరికి తీసుకుంది. ఆమె దగ్గర మంచి అత్తరు వాసన వచ్చింది. తర్వాత బలవంతం చేయలేదు. పిల్లల మూతులు తుడిచి, చెప్పులు తొడిగి, వాళ్ళిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని, సందు చివరిదాకా వెనక్కి తిరిగి చూస్తూ వెళ్ళింది.